గంటలు చెప్పని గడియారం: పాత రబ్బరు గేజీ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఇదే పేజీలో ఒక పాఠకురాలు పంపిన ఫొటో వేసి, ఇదేంటో చెప్పుకోండి చూద్దాం అన్నాను. జేబు గడియారంలాంటి గుండ్రటి డయల్, ఒకటే ముల్లు, కింద నాణెమంత చదునైన పాదం, ఆ పాదం మధ్యలోంచి బయటికి తొంగిచూస్తున్న చిన్న మొన. టైర్లలో గాలి కొలిచేదని చాలామంది రాశారు, బీపీ చూసేదని ఒకాయన ఖాయంగా చెప్పారు, ఎత్తు కొలిచే అల్టిమీటర్ అని ఇంకొకరు. సరిగ్గా చెప్పినవాళ్లు తక్కువే, వాళ్లలో ఎక్కువమంది రబ్బరు పనిలో ఉన్నవాళ్లు. అది డ్యూరోమీటర్, అంటే రబ్బరు ఎంత గట్టిగా ఉందో ఒక అంకెలో చెప్పే పనిముట్టు. జవాబు తెలిశాక ఊరుకుంటారనుకుంటే అసలు ఉత్తరాలు అప్పుడే మొదలయ్యాయి. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను.

ప్రశ్న: ఆ ఫొటో పంపింది నేనేనండీ. మా మామగారి పనిముట్ల పెట్టెలో దొరికింది. అడుగుదామంటే ఆయన లేరు. డయల్ మీద షోర్ అనీ, కింద జమైకా అనీ ఉంది. జమైకా దీవిలో తయారైందా? ఇది ఎలా పనిచేస్తుంది?

జవాబు: మీది వెస్టిండీస్ జమైకా కాదండీ. న్యూయార్క్ నగరంలో క్వీన్స్ అనే భాగం ఉంది, అందులో ఒక పేట పేరు జమైకా. షోర్ ఇన్‌స్ట్రుమెంట్ అండ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ అక్కడిది. భూతద్దం పెట్టి చూడండి, జమైకా పక్కన ఎన్.వై. అని రెండు చిన్న అక్షరాలు ఉండి ఉంటాయి.

షోర్ అనేది మనిషి పేరు, ఆల్బర్ట్ ఫెర్డినాండ్ షోర్. 1920ల్లో ఈ గేజీకి ఒక రూపం తెచ్చి, 1930 జూలై 8న అమెరికా పేటెంటు పుచ్చుకున్నాడు, నంబరు 1,770,045. డ్యూరోమీటర్ అన్న మాట ఆయన పుట్టించింది కాదు, అంతకుముందే వాడుకలో ఉంది. గట్టిదనం కొలిచే మొదటి పరికరం కూడా ఇది కాదు. కానీ ఇవాళ ఎవరైనా డ్యూరోమీటర్ అంటే అందరికీ తట్టేది షోర్‌దే, రబ్బరు గురించి మాట్లాడేవాళ్లు ఆయన ఇంటిపేరునే కొలతగా చేసేసుకున్నారు, "ఇది అరవై షోర్" అంటారు.

పనిచేసే తీరు చాలా తేలిక. ఆ మొన మామూలుగా పాదం కన్నా 2.5 మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది, వెనక నుంచి ఒక స్ప్రింగు దాన్ని తోస్తూ ఉంటుంది. గేజీని రబ్బరు మీద నిటారుగా పెట్టి పాదం మొత్తం ఆనేదాకా నొక్కుతారు. రబ్బరు మెత్తగా ఉంటే మొన అందులోకి దిగిపోతుంది, ముల్లు పెద్దగా కదలదు. గట్టిగా ఉంటే మొనకి దిగడానికి చోటు దొరకదు, వెనక్కి గేజీలోకే పోతుంది, అది ఎంత వెనక్కి పోతే ముల్లు అంత తిరుగుతుంది. గాల్లో పట్టుకుంటే 0, గాజు పలక మీద నొక్కితే 100. ఈ రెండింటి మధ్య రబ్బరు ప్రపంచమంతా ఉంది. రబ్బరు బ్యాండు 25, 30 దగ్గర, పెన్సిల్ రబ్బరు 40 దగ్గర, కారు టైరు నేలని తాకే భాగం 60, 70 మధ్య ఉంటాయి.

లెక్క వేస్తే ఒక్కో అంకె మిల్లీమీటరులో నలభయ్యో వంతు. లోపల కదిలేది అంత తక్కువ, దాన్ని కంటికి కనబడేంత పెద్దది చేసి చూపించడమే ఆ డయల్ పని. మొనని వేలితో ఒకసారి మెల్లగా నొక్కి చూడండి, ముల్లు మీ వేలికన్నా ముందే పరిగెత్తినట్టు ఉంటుంది. ఇంట్లో పిల్లలకి ఇవ్వకండి, రోజంతా అదే పనిగా నొక్కుతారు. (పిల్లలేమిటి, నేనే నొక్కుతూ కూర్చుంటాను.)

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా ల్యాబులో బ్రినెల్ టెస్టు ఉంది, రాక్‌వెల్ ఉంది. గట్టిదనం కొలవడానికి అవి ఉండగా రబ్బరుకి మళ్లీ వేరే పరికరం ఎందుకు? అదే మెషీన్లో తక్కువ బరువు పెడితే పోదా?

జవాబు: బ్రినెల్ టెస్టులో మీరు చివర్లో ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. 10 మిల్లీమీటర్ల గుండుని 3000 కిలోల బరువుతో నొక్కి, బరువు తీసేసి, గుండు పైకెత్తి, ఆ తర్వాత పడిన గుంటని మైక్రోస్కోపుతో కొలుస్తారు. 1900లో యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ ఆ పద్ధతి పెట్టినప్పుడు ఆయన కొలిచింది లోహం మీద మిగిలిపోయిన మచ్చని. ఇప్పుడు అదే పని రబ్బరు మీద చేయండి. గుండు ఎత్తేసరికి గుంట ఏది? మీరు మైక్రోస్కోపు సర్దుకునేలోపు రబ్బరు ఏమీ ఎరగనట్టు మళ్లీ చదునుగా అయిపోతుంది. రబ్బరు అంటేనే అది కదా.

అందుకే రబ్బరుని నొక్కుతూ ఉండగానే కొలవాలి, వదిలాక కొలవడానికి ఏమీ మిగలదు. డ్యూరోమీటర్ కిటుకంతా ఇదే. నొక్కే మొన, కొలిచే మొన ఒకటే.

ఇంకో సంగతి. షోర్ అంతకుముందు, 20వ శతాబ్దం మొదట్లో, లోహాల కోసం స్క్లెరోస్కోప్ అని ఒకటి చేశాడు. నిలువుగా ఉన్న గాజుగొట్టంలో వజ్రపు మొన ఉన్న బుల్లి సుత్తిని వదిలి, అది లోహానికి తగిలి ఎంత ఎత్తు ఎగిరిందో చూడడం. గట్టి స్టీలైతే బాగా ఎగురుతుంది, మెత్తటి ఇనుమైతే మొన కాస్త దిగబడి శక్తి అక్కడే ఖర్చయిపోతుంది. ఇదే సుత్తిని మంచి రబ్బరు మీద వదిలితే బంతిలా ఎగిరి, ఇనుము కన్నా రబ్బరే గట్టిదని చెప్పినా చెప్తుంది! తన మొదటి యంత్రం పనికిరాని చోటికి షోర్ పూర్తిగా వేరే దారిలో వెళ్లాల్సొచ్చింది. మీరు పాత కాగితాల్లో ఒట్టి "షోర్ 60" అని చూస్తే మాత్రం జాగ్రత్త, లోహం గురించైతే అది స్క్లెరోస్కోప్ అంకె, రబ్బరు గురించైతే డ్యూరోమీటర్ అంకె. ఇంటిపేరు ఒకటే గానీ రెండింటికీ చుట్టరికం లేదు.

ప్రశ్న: రబ్బరు విడిభాగాలు అచ్చు పోసే చోట పనిచేస్తాను. మా దగ్గర ఒక పాత గేజీ ఉంది. ఒకే ముక్క మీద నేను కొలిస్తే 62, మా సూపర్‌వైజర్ కొలిస్తే 57. ఆయనేమో గేజీ పోయిందంటాడు, నాకేమో ఆయన చేతులు వణుకుతాయని అనుమానం. ఎవరిది తప్పు?

జవాబు: మీ ఇద్దరిదీ కాకపోవచ్చు. మీరు అంకె ఎప్పుడు చదువుతున్నారు, ఆయన ఎప్పుడు చదువుతున్నారు? ఒక పని చేయండి. గేజీని రబ్బరు మీద నొక్కి, అలాగే పట్టుకుని, ముల్లునే చూడండి. జివ్వున పైకి పోతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, ఆ తర్వాత జారడం మొదలుపెడుతుంది, 62, 61, 60, తర్వాత ఇంకా నెమ్మదిగా. గేజీ ఏం పాడవలేదు, మొన కింద రబ్బరు ఇంకా సర్దుకుంటోందంతే. కుర్చీలో కూర్చున్నాక కూడా పరుపు కాసేపు దిగుతూనే ఉంటుంది చూడండి, అలాగ. మీరు చటుక్కున చదివేసి తీసేసే మనిషి, ఆయన కళ్లజోడు సర్దుకుని తాపీగా చదివే మనిషి అయితే 62కీ 57కీ ఉన్నంత తేడా రావడంలో వింతేం లేదు.

ఈ గొడవ లేకుండా ఉండాలనే ప్రమాణాలు రాసినవాళ్లు సమయం కూడా రాశారు. అమెరికన్ పద్ధతిలో పాదం ఆనిన ఒక సెకనులోపు చదవాలి. అంతర్జాతీయ పద్ధతిలో మామూలు రబ్బరుకి 3 సెకన్లు, వేడి చేస్తే కరిగే రకం రబ్బర్లకి 15 సెకన్లు. ఏదో ఒకటి పెట్టుకుని ఇద్దరూ అదే పాటించండి, రిజిస్టర్లో అంకె పక్కన సెకన్లు కూడా రాయండి.

మిగతావి కూడా చూసుకోండి. ముక్క మందం కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి. అంచుకి 12 మిల్లీమీటర్ల లోపల కొలవకూడదు, ఒకసారి పొడిచిన చోటికి మళ్లీ కనీసం 6 మిల్లీమీటర్ల దూరంలో పొడవాలి. గది వేడి 23 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది, అచ్చులోంచి అప్పుడే తీసిన వేడి ముక్క మీద కొలిస్తే ఆ అంకెకి అర్థం లేదు. ఒక్కసారి కాదు, ఐదు చోట్ల కొలిచి మధ్యది తీసుకోండి.

వీటిలో మందం విషయం నేను దెబ్బతిని నేర్చుకున్నాను. కొత్తలో 2 మిల్లీమీటర్ల వాషర్లు కొన్ని నా ముందు పెడితే ఇనుప బల్ల మీదే పరిచి కొలిచి, ఇవి చెప్పినదానికన్నా బాగా గట్టిగా ఉన్నాయి, పనికిరావు అని పెద్ద మొనగాడిలా తేల్చేశాను. నేను కొలిచింది సగం రబ్బరుని, సగం కింద ఉన్న బల్లని! పక్కనే ఉన్న ఒక పెద్దాయన ఏమీ అనకుండా మూడు వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి గేజీ పెట్టారు, అంకె చల్లగా కిందికొచ్చింది. అలా పేర్చి కొలవొచ్చు గానీ మూడు పొరలు దాటకూడదు, పొరల మధ్య దుమ్ము ఉండకూడదు, అప్పుడు కూడా ఒకే దిమ్మ మీద వచ్చినంత కచ్చితంగా రాదు.

చేతులు వణకడం గురించి: నొక్కే బలం మనిషిని బట్టి మారుతుందన్నది నిజమే. అందుకే స్టాండుకి బిగించి పైన ఒక కిలో బరువు పెట్టి కొలిచే పద్ధతి ఉంది. ఆ మాట సూపర్‌వైజర్ గారితో మీరే చెప్పండి, నన్ను ఇరికించకండి.

ప్రశ్న: నా దగ్గరున్నది గుండ్రంగా ఉండదు, విసనకర్ర విప్పినట్టు పావు వృత్తం డయల్. ఇది ఎంత పాతదో ఎలా తెలుస్తుంది? ఇప్పటికీ సరైన అంకె చూపిస్తుందో లేదో ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?

జవాబు: విసనకర్ర డయల్ షోర్ కంపెనీ గేజీల్లో బాగా పేరున్న రూపం. వయసు తెలియడానికి డయల్ మీద చిన్నక్షరాలు చదవండి. ఏఎస్‌టీఎం అనే అమెరికన్ ప్రమాణాల సంస్థ నంబరు ఉంటుంది. అది డీ 2240 అయితే 1964కి ముందుది కాదు, ఎందుకంటే ఆ ప్రమాణం మొదట వచ్చిందే 1964లో. డీ 676 అని ఉంటే దానికన్నా పాత కాలపు ప్రమాణం, డయల్ కూడా ఆ కాలానిదే. పేటెంటు నంబరు అచ్చయి ఉంటే 1930 తర్వాతది.

సరిగ్గా చూపిస్తోందా అన్నది అసలు ప్రశ్న. అందరూ చేసేది ఏంటంటే గాల్లో పట్టుకుని 0 చూడడం, గాజు మీద నొక్కి 100 చూడడం, రెండూ వస్తే భేష్ అనుకోవడం. వీటితో మొన పొడవు సరిగ్గా ఉందని మాత్రమే తెలుస్తుంది. గాజు మీద 100 రాకుండా 96 దగ్గర ఆగిపోతే మొన అరిగి మిల్లీమీటరులో పదో వంతు పొట్టిదై ఉండొచ్చు, లేదా ముల్లు తన చోటు నుంచి జారి ఉండొచ్చు. గాల్లో 0 కూడా తప్పితే అనుమానం ముల్లు మీదే. స్ప్రింగు సంగతి మాత్రం ఈ పరీక్షకి అంతుపట్టదు. స్ప్రింగు బలం సగానికి పడిపోయినా గాల్లో 0, గాజు మీద 100 రానే వస్తాయి.

స్ప్రింగుకి వంటింటి ఎలక్ట్రానిక్ కాటా చాలు, గ్రాముల్లో చూపించేది. కాటా మీద చిన్న చదునైన స్టీలు ముక్క పెట్టి, సున్నా చేసి, గేజీని నిటారుగా పట్టుకుని మొనని ఆ ముక్క మీద ఆనించి మెల్లగా నొక్కండి. పాదం తగలకూడదు, మొన ఒక్కటే తగలాలి. ముల్లు 100 చేరేదాకా పాదం ఎలాగూ తగలదు కాబట్టి భయం లేదు. షోర్ గేజీల్లో మామూలు రబ్బరుకి వాడేది 'ఏ' (A) రకం, మీది అదే అయితే ముల్లు 30 దగ్గర ఉన్నప్పుడు కాటా సుమారు 285 గ్రాములు చూపించాలి, 50 దగ్గర 438, 70 దగ్గర 591. మొన కదలడం మొదలయ్యేది 56 దగ్గర, 100కి చేరేది 820 దగ్గర. మధ్యలో ఒక్కో అంకెకి 7.6 గ్రాములు చొప్పున పెరుగుతుంది. ఇద్దరు మనుషులుంటే సులువు, ఒకరు ముల్లు చూస్తూ "ఇప్పుడు" అనాలి, ఇంకొకరు కాటా చదవాలి.

తర్వాత ఇంకో చిన్న పరీక్ష కూడా చేయండి. కింది నుంచి 50కి వచ్చినప్పుడు కాటా చూడండి, 60 దాకా పోయి వెనక్కి 50కి వచ్చినప్పుడు మళ్లీ చూడండి. రెండు బరువుల మధ్య తేడా ఎక్కువుంటే లోపల మురికి పట్టి రాపిడి పెరిగిందన్నమాట.

ఇక్కడ నన్ను చాలాకాలం తికమక పెట్టిన విషయం ఒకటుంది. స్ప్రింగు అలిసిపోతే అంకె తగ్గుతుందనే నేనూ అనుకునేవాణ్ణి. అది తప్పు, పెరుగుతుంది. స్ప్రింగు బలహీనపడితే మొనని రబ్బరులోకి తోసే శక్తి తగ్గుతుంది, మొన దిగదు, వెనక్కొస్తుంది, ముల్లు ఎక్కువ చూపిస్తుంది. రబ్బరే గట్టిపడిందని మనం అనుకుంటాం. మొన అరిగి పొట్టిదైతే దీనికి తలకిందులు, అంకె తక్కువ చూపిస్తుంది. చాలా ఏళ్లు పనిచేసిన గేజీలో ఈ రెండు జబ్బులూ కలిసి ఉండొచ్చు, ఒకదాన్నొకటి కప్పేసుకుని ఎక్కడో 60 దగ్గర సరైన అంకె చూపిస్తూ, 40 దగ్గరా 80 దగ్గరా దారి తప్పుతూ ఉండొచ్చు. పాత గేజీ ఒక్క చోట సరిగ్గా చెప్పిందని నమ్మేయకండి అనేది అందుకే.

ప్రశ్న: ముల్లు పట్టి పట్టి కదులుతోంది. విప్పి నాలుగు చుక్కలు కుట్టు మిషను ఆయిల్ వేద్దామనుకుంటున్నాను.

జవాబు: వద్దు. ఆయిల్ వేసిన రోజు బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ తర్వాత రబ్బరు పొడీ దుమ్మూ చేరి జిగురులా తయారవుతుంది. మొన బయటికొచ్చే కన్నం చుట్టూ మెత్తటి బ్రష్షుతో తుడవండి, ఎక్కువసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. అప్పటికీ కదలకపోతే వాచీలు బాగుచేసే చెయ్యి తిరిగిన మనిషికి ఇవ్వండి, ఆయిల్ వద్దని చెప్పి మరీ ఇవ్వండి. మొన మొద్దుగా ఉందని సానబెట్టాలనుకునేవాళ్లకి కూడా ఇదే చెప్తున్నాను: 'ఏ' (A) రకంలో మొన సూదిలా ఉండదు, 35 డిగ్రీల శంకువుని కొసన అడ్డంగా కోసేసినట్టు 0.79 మిల్లీమీటర్ల చదును ఉంటుంది. అది అరుగుదల కాదు, పుట్టుకే అంత.

ప్రశ్న: ఫోన్లో యాప్ ఏదైనా ఉందా, రబ్బరు గట్టిదనం చూపించేది?

జవాబు: ఫోనుకి మొన లేదు కదండీ.

ప్రశ్న: నాకు పాత టైప్‌రైటర్లు బాగుచేసే సరదా ఉంది. రోలరు రాయిలా అయిపోయింది, కాగితం జారుతోంది, ఫుల్‌స్టాప్ కొడితే కన్నం పడుతోంది. డ్యూరోమీటర్ పెడితే 95 దాటుతోంది. ఈ అంకెని నమ్మొచ్చా? అసలు రబ్బరు ఇలా ఎందుకవుతుంది?

జవాబు: అంకెని పూర్తిగా నమ్మకండి, రెండు కారణాలు. గేజీ పాదం చదునైన దాని మీద ఆనడానికి చేసింది, రోలరు గుండ్రంగా ఉంటుంది, పాదం ఒక గీత మీదే ఆని అటూ ఇటూ ఊగుతుంది. సరిగ్గా నడినెత్తిన పెట్టకపోతే అంకె తగ్గిపోతుంది. రెండోది, 90 దాటాక 'ఏ' (A) రకం గేజీకి తేడాలు పట్టుకునే శక్తి ఉండదు, గట్టి వాటి కోసం ఉన్న 'డీ' (D) రకానికి మారమని ప్రమాణాలే చెప్తాయి. డీ మొన నిజంగానే వాడిగా ఉంటుంది, 30 డిగ్రీల శంకువు, కొసన 0.1 మిల్లీమీటరు గుండ్రం, వెనక స్ప్రింగు చివరికి నాలుగున్నర కిలోల దాకా తోస్తుంది. దాన్ని మీ రోలరు మీద పెడితే మచ్చ పడుతుంది, ఆ సాహసం చేయకండి. అటువైపు 20కి తక్కువైన మరీ మెత్తటి వాటికి గుండ్రటి మొన ఉన్న 00 రకం వేరే ఉంది.

మీకు పనికొచ్చే ఉపాయం చెప్తాను. రోలరు రెండు కొసల్లో అక్షరాలు పడని చోటు ఉంటుంది చూడండి, అక్కడా కొలవండి, అక్షరాలు పడే మధ్య భాగంలోనూ కొలవండి. అంకెలు అసలు ఎంతైనా కానీ, రెండింటి తేడా మీకు కథ చెప్తుంది. రెండు చోట్లా ఒకటే అయితే రబ్బరు లోపలి నుంచే ముసలిదైంది, పై పొర గరుకు కాగితంతో రుద్దితే కాగితం పట్టుకోవడం కాస్త మెరుగవుతుంది గానీ గట్టిదనం పోదు, కొత్త రబ్బరు తొడిగించాల్సిందే. తొడిగేవాళ్లు ఒకవేళ పి అండ్ జె అంకెలు చెప్తే కంగారు పడకండి. అది పూసీ అండ్ జోన్స్ అనే పాత కంపెనీ పేరుతో వచ్చిన ఇంకో పద్ధతి, కాగితం మిల్లుల పెద్ద రోలర్ల కోసం పుట్టింది. ఒక కిలో బరువుతో గుండు ఎంత దిగిందో ఒక నిమిషం ఆగి చూస్తారు. అందులో అంకె పెద్దదైతే మెత్తన, చిన్నదైతే గట్టి. అంటే మన షోర్‌కి పూర్తిగా రివర్సు.

ఎందుకు గట్టిపడుతుందంటారా. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుకి గంధకం కలిపి వేడి చేస్తే అది ఎండకి కరగదనీ చలికి పెళుసవదనీ కనిపెట్టాడు. రబ్బరు పొడవాటి దారాల్లాంటి అణువుల కుప్ప, గంధకం ఆ దారాలకి మధ్య మధ్యలో ముడులు వేస్తుంది. ఆ ముడులు పడడం ఫ్యాక్టరీలో ఆగిపోదు. ఏళ్ల తరబడి గాలిలో ఆక్సిజనూ వేడీ కలిసి కొత్త ముడులు వేస్తూనే ఉంటాయి, మెత్తదనం కోసం కలిపిన నూనెలేమో మెల్లగా బయటికి పోతాయి. ముడులు పెరిగి నూనె తగ్గితే మిగిలేది మీ రోలరే. చెట్టు నుంచి వచ్చిన రబ్బరు కొన్నిసార్లు దీనికి విరుద్ధంగా, దారాలే తెగిపోయి, చేతికి అంటుకునే బంకలా అవుతుంది. పాత రబ్బరు బ్యాండ్లు కాగితాలకి అతుక్కుపోయేది అలాగే.

ప్రశ్న: 80 ఉన్న రబ్బరు 40 ఉన్నదానికి రెండింతలు గట్టిదని చెప్పొచ్చా?

జవాబు: చెప్పకూడదు. ఈ స్కేలులో సున్నా అంటే గాలి, వంద అంటే గాజు, మధ్యలో అంకెలు మొన ఎంత కదిలిందో చెప్తాయి తప్ప రబ్బరు బలాన్ని నేరుగా చెప్పవు. అలన్ జెంట్ అనే రబ్బరు శాస్త్రవేత్త 1958లో షోర్ అంకె నుంచి రబ్బరు బిగువు లెక్కకట్టే సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం 40 అంటే సుమారు 1.7 మెగాపాస్కల్స్, 80 అంటే 9.3 పైన. అంటే అయిదున్నర రెట్లు! పై అంకెల దగ్గర ఒక్కో మెట్టు చాలా ఎత్తు. 40 అడిగినవాడికి 45 ఇస్తే సర్దుకుపోతాడేమో గానీ 85 అడిగినవాడికి 90 ఇస్తే గొడవే. 'ఏ' రకం అంకెని 'డీ' రకం అంకెగా మార్చే చార్టులు కూడా ఇలాంటివే, ఉజ్జాయింపుకి చూసుకోండి, ఒప్పందం మీద రాయకండి.

ప్రశ్న: మళ్లీ నేనే, ఫొటో పంపినదాన్ని. మామగారి పెట్టె అడుగున చిన్న రబ్బరు దిమ్మలు కూడా దొరికాయి, వాటి మీద పెన్నుతో 40, 50, 60, 70 అని రాసి ఉంది. గేజీ పెడితే ప్రతిదీ ఎక్కువే చూపిస్తోంది, 60 అని ఉన్నది 71 చూపిస్తోంది. గేజీ పాడైనట్టేనా?

జవాబు: మీ మామగారు పద్ధతి గల మనిషి. అవి పరీక్ష దిమ్మలు, రోజూ పనిలోకి దిగేముందు గేజీ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి. కానీ చిక్కేంటంటే అవి కూడా రబ్బరే. టైప్‌రైటర్ రోలరుకి పట్టిన గతే వాటికీ పట్టి ఉండొచ్చు, అప్పుడు గేజీ నిజం చెప్తోంది, దిమ్మలే ముసలివయ్యాయి. లేదా స్ప్రింగు అలిసిపోయి అన్నిటికీ ఎక్కువ చూపిస్తూ ఉండొచ్చు, పైన చెప్పాను కదా. రెండూ అంకెని ఒకే వైపు నెడతాయి, కాబట్టి గేజీనీ దిమ్మనీ ఎదురెదురుగా పెట్టి ఎంత సేపు చూసినా తేలదు.

మూడో సాక్షి కావాలి, అది మీ వంటింటి కాటా. ముందు స్ప్రింగు పరీక్ష చేయండి. 50 దగ్గర 438 గ్రాములకి అటూ ఇటూగా వస్తే గేజీ స్ప్రింగు గట్టిగానే ఉంది, దిమ్మల మీద పాత అంకె కొట్టేయకుండా పక్కన కొత్త అంకె, ఇవాళ్టి తేదీ రాసి దాచండి. 400 దగ్గరే ఆగిపోతే స్ప్రింగుది తప్పు. అప్పుడు ముల్లు ఎక్కడెక్కడ ఎన్ని గ్రాములు వచ్చిందో మొత్తం ఒక కాగితం మీద వేసి పంపండి, ఎంత తీసేసి చదవాలో ఒక పట్టిక వేసి వచ్చే నెల ఇస్తాను. దిమ్మల వెనక వైపు కూడా ఒకసారి చూడండి, అక్కడ ఏమైనా తేదీ రాసి ఉందేమో.